ఇనుప మోత.. కిన్నెర మెట్లు.. కొలువు లెక్క

హెవీ మెటల్ సంగీతం 55 ఏళ్ల నడకలో ఉద్యోగార్థి నేర్చుకోవాల్సింది ఏముంది? కరెంట్ అఫైర్స్ విశ్లేషణ

జపాన్ తొలి మహిళా ప్రధాని ఎవరు? నోట్స్ రాసుకునే వారెవరైనా ఠక్కున చెబుతారు. సనే తకాయిచి, 2025 అక్టోబర్ 21న బాధ్యతలు చేపట్టారు. సరే, రెండో ప్రశ్న. కాలేజీ రోజుల్లో ఆమె వాయించిన వాయిద్యం ఏది? డ్రమ్స్. అదీ హెవీ మెటల్ బ్యాండులో. ఐరన్ మైడెన్, డీప్ పర్పుల్ లాంటి బ్యాండ్లు అంటే తనకు ఇష్టమని ఆమె దాచుకోలేదు.

ఈ సంగతిని బిట్‌గా రాసుకుంటే, వస్తే ఒక మార్కు. లేకపోతే అదీ లేదు. కానీ కాస్త వెనక్కి వెళ్లి చూస్తే, ఈ ‘గోల సంగీతం’ కార్మికుల బతుకుతో, చట్టసభలతో, కాపీరైట్‌తో, నాయకుల నైతికతతో, జన సమూహాల భద్రతతో ముడిపడి ఉంది. ఇవన్నీ మీ సిలబస్‌లో ఉన్నవే.

కొల్లాపూర్‌లో డిగ్రీ పూర్తి చేసి, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందా అని లైబ్రరీలో పొద్దంతా కూర్చునే మీకు ఇంకో కారణం కూడా ఉంది. సాయంత్రం ఇంటికెళ్లి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే ఇంట్లో నాయిన అడిగే మాట ఒక్కటే: ‘బిడ్డా, ఈ పాట కూడు పెడుతదా?’ ఆ ప్రశ్నను తేలిగ్గా తీసెయ్యకండి. హెవీ మెటల్ చరిత్ర అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. మన జిల్లా కిన్నెర కథ కూడా అంతే.

రేకుల ఫ్యాక్టరీలో పోయిన వేళ్లు

ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్. మోటారు విడిభాగాలు, ఇనుప సామాన్ల ఫ్యాక్టరీలకు పేరు. అక్కడి ఆస్టన్ అనే పేదల పేటలో పెరిగిన టోనీ అయోమి అనే కుర్రాడు రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పదిహేడేళ్ల వయసు. సంగీతమే వృత్తిగా పెట్టుకుందామని పని మానేస్తున్న రోజు, అంటే ఫ్యాక్టరీలో చివరి రోజు, మిషన్ కింద పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. అతడిది ఎడమ చేతివాటం. అంటే గిటార్ తీగలను నొక్కిపట్టేది ఆ కుడిచెయ్యే. ఇక వాయించలేవని అందరూ చెప్పారు.

అప్పుడు ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఒకాయన జాంగో రైన్‌హార్ట్ అనే జాజ్ గిటారిస్టు రికార్డు తెచ్చి వినిపించాడు. అగ్నిప్రమాదంలో రెండు వేళ్లు పనికిరాకుండా పోయినా ప్రపంచ ప్రసిద్ధుడైన కళాకారుడాయన. అయోమికి ధైర్యం వచ్చింది. ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. వాటికి తోలు ముక్కలు అంటించాడు. వేళ్లు నొప్పెట్టకుండా సన్నని తీగలు వేసుకున్నాడు. తర్వాత్తర్వాత తీగల బిగువు తగ్గించి శ్రుతిని కిందికి దించాడు. బరువుగా, చీకటిగా వినిపించే ఆ ధ్వని కోట్ల మందిని పట్టుకుంది. హెవీ మెటల్‌కు మొదటి ఆల్బమ్‌గా చాలామంది లెక్కించే ‘బ్లాక్ సబ్బాత్’ 1970 ఫిబ్రవరి 13న విడుదలైంది. దాన్ని దాదాపు ఒక్కరోజులోనే రికార్డు చేశారు. విమర్శకులు తీసిపారేశారు. జనం మాత్రం కొన్నారు. బ్రిటన్ జాబితాలో అది 8వ స్థానానికి వెళ్లింది. అదే ఏడాది వచ్చిన రెండో ఆల్బమ్ ‘పారనాయిడ్’ మొదటి స్థానం సాధించింది.

ఆ బ్యాండు గాయకుడు ఓజీ ఓస్బర్న్‌దీ అదే పేట. కబేళాలో పనిచేశాడు. కార్ల హారన్లు సరిచూసే పనీ చేశాడు. చిన్న దొంగతనం కేసులో కొన్ని వారాలు జైల్లో ఉన్నాడు. 2025 జూలై 5న, పార్కిన్సన్స్ వ్యాధితో నిలబడలేని స్థితిలో, కుర్చీలో కూర్చునే తన పేటలోని విల్లా పార్క్ మైదానంలో ఆఖరి కచేరీ చేశాడు. ఆ సొమ్ము పిల్లల ఆస్పత్రికి, పిల్లల సంరక్షణ కేంద్రానికి, పార్కిన్సన్స్ పరిశోధనకు అని ముందే ప్రకటించారు. సరిగ్గా 17 రోజులకు, జూలై 22న, 76 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

ఇక్కడ మనకు కావాల్సింది ఆ ఊరు చేసిన పని. ఒకప్పుడు పట్టించుకోని ఈ కుర్రాళ్ల పేరు బర్మింగ్‌హామ్‌లో ఇప్పుడు వంతెనకు ఉంది. 2022 కామన్వెల్త్ క్రీడల కోసం చేసిన పది మీటర్ల యాంత్రిక వృషభం ఇప్పుడు రైల్వే స్టేషన్‌లో ఉంది. దాని పేరు ‘ఓజీ’. 2025 జూన్‌లో నగర పాలక మండలి బ్యాండు సభ్యులకు నగర పౌరసత్వ గౌరవం ఇచ్చింది. ఫ్యాక్టరీ మోతలో పుట్టిన పాటను ఆ నగరం తన గుర్తింపుగా మార్చుకుంది.

పాట చట్టసభకు ఎక్కిన రోజు

1985 సెప్టెంబర్ 19. అమెరికా సెనేట్ కమిటీ ముందు పాటల మీద విచారణ. పిల్లలు పాడైపోతున్నారు, ఆల్బమ్‌ల మీద హెచ్చరికలు వేయాలని ప్రముఖుల భార్యలు ఏర్పాటు చేసిన ఒక సంఘం డిమాండ్. ట్విస్టెడ్ సిస్టర్ బ్యాండు గాయకుడు డీ స్నైడర్ చింపిరి జుట్టుతో, జీన్స్ జాకెట్‌తో వచ్చి కూర్చున్నాడు. ఏదో తిక్క మాటలు మాట్లాడతాడని అనుకున్నారు. అతడు మాత్రం తన పాటలకు అంటగట్టిన అర్థాలు ఎలా తప్పో ఒక్కొక్కటిగా వివరించాడు. చివరకు చట్టం రాలేదు. రికార్డు కంపెనీలే స్వచ్ఛందంగా ‘తల్లిదండ్రులకు హెచ్చరిక’ అనే ముద్ర మొదలుపెట్టాయి.

దీన్ని మన రాజ్యాంగంతో కలిపి చదవండి. ఆర్టికల్ 19(1)(ఎ) వాక్ స్వాతంత్ర్యం ఇస్తుంది. 19(2) ‘సహేతుకమైన పరిమితుల’ను అనుమతిస్తుంది. మర్యాద, నైతికత, ప్రజాశాంతి అందులో ఉన్నాయి. ప్రభుత్వ నిషేధం, పరిశ్రమ స్వీయ నియంత్రణ.. ఈ రెంటిలో ఏది మేలు? ఓటీటీల మీద, సోషల్ మీడియా మీద ఇవాళ మన దగ్గర నడుస్తున్న చర్చ కూడా ఇదే. వ్యాసం రాయాల్సి వస్తే 1985 ఉదాహరణ వాడుకోండి.

రెండో ఘట్టం 2000 ఏప్రిల్. ఇంటర్నెట్‌లో పాటలను ఉచితంగా పంచుకునే నాప్‌స్టర్ మీద మెటాలికా బ్యాండు కోర్టుకెక్కింది. కోట్లు సంపాదించినవాళ్లు విద్యార్థుల మీద పడ్డారేంటని అభిమానులే తిట్టారు. కోర్టుల దెబ్బకు మరుసటి ఏడాది నాప్‌స్టర్ సేవ ఆగిపోయింది. కానీ జనం అలవాటు మాత్రం ఆగలేదు. ఆ ఖాళీలోంచే ఇవాళ మీ ఫోన్‌లో ఉన్న స్ట్రీమింగ్ వ్యాపారం పుట్టింది. పాట ఎవరిది, డబ్బు ఎవరికి అన్న తగాదా ఇంకా తెగలేదు.

బహుమతా? లంచమా?

సివిల్స్ ఎథిక్స్ పేపర్ రాసేవాళ్లకు ఇది బంగారం లాంటి ఉదాహరణ. ఇండోనేసియా నేత జోకో విడోడో హెవీ మెటల్ వీరాభిమాని. 2013లో ఆయన జకార్తా గవర్నర్‌గా ఉండగా, మెటాలికా బ్యాండు బాస్ గిటారిస్టు రాబర్ట్ ట్రుహియో సంతకంతో ఒక బాస్ గిటార్ బహుమతిగా వచ్చింది. అభిమానికి అంతకన్నా ఏం కావాలి? కానీ ఆయన దాన్ని ఇంట్లో పెట్టుకోలేదు. ఆ దేశ అవినీతి నిరోధక కమిషన్‌కు అప్పగించారు. పదవి కారణంగా వచ్చిన కానుక కాబట్టి అది వ్యక్తిది కాదని కమిషన్ తన దగ్గరే ఉంచేసుకుంది. 2017లో, ఆయన దేశాధ్యక్షుడిగా ఉన్నప్పుడు, డెన్మార్క్ ప్రధాని మెటాలికా రికార్డుల పెట్టె ఇస్తే దాన్నీ అప్పగించి, తర్వాత ప్రభుత్వానికి సొంత డబ్బు కట్టి కొనుక్కున్నారు.

మన దగ్గర కేంద్ర ఉద్యోగులకు 1964 ప్రవర్తనా నియమావళిలో, అఖిల భారత సర్వీసులకు 1968 నియమావళిలో కానుకల మీద ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి. రేపు మీరు ఎమ్మార్వో ఆఫీసులో కూర్చున్నాక దసరాకు వచ్చే స్వీట్ డబ్బా దగ్గరే ఈ పరీక్ష మొదలవుతుంది.

మన గడప దాకా..

భారత్‌లో ఈ సంగీతానికి పెద్ద మలుపు 2007 మార్చి 17. బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మైడెన్ కచేరీ. మన దగ్గర ఇంతమంది శ్రోతలు ఉన్నారా అని ప్రపంచం చూసింది అప్పుడే. 2011 అక్టోబర్‌లో మెటాలికా వచ్చింది. 28న గుర్గావ్‌లో జరగాల్సిన కచేరీ భద్రతా ఏర్పాట్లు సరిగా లేక ఆగిపోయింది. కోపంతో జనం వేదికను ధ్వంసం చేశారు. నిర్వాహకుల్లో కొందరు అరెస్టయ్యారు. రెండు రోజుల తర్వాత, 30న, బెంగళూరులో అదే బ్యాండు కచేరీ చక్కగా జరిగింది. బ్యాండు ఒక్కటే, దేశం ఒక్కటే. తేడా అంతా ఏర్పాట్లలోనే.

మన హైదరాబాద్‌కూ ఇందులో వాటా ఉంది. హైదరాబాద్, బెంగళూరు సంగీతకారులు కలిసి నడుపుతున్న ‘గాడ్‌లెస్’ అనే డెత్ మెటల్ బ్యాండు 2016లో, 2018లో చిన్న ఆల్బమ్‌లు, 2021లో ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ అనే పూర్తి ఆల్బమ్ తెచ్చింది. సినిమా పాట తప్ప వేరే మార్కెట్ లేదనుకునే ఊళ్లో వీళ్లు సినిమా ఊసే లేకుండా శ్రోతలను సంపాదించుకున్నారు.

ఇక ప్రభుత్వాల మాట. 2025 జనవరిలో భువనేశ్వర్‌లో ప్రధాని మోదీ ‘కచేరీల ఆర్థిక వ్యవస్థ’ గురించి మాట్లాడారు. మే 1 నుంచి 4 దాకా ముంబైలో ‘వేవ్స్’ శిఖరాగ్ర సదస్సు జరిగింది. ‘ఆరెంజ్ ఎకానమీ’ అనే మాట పత్రికల్లోకి వచ్చింది. సృజనాత్మక రంగాల ఆర్థిక వ్యవస్థ అని దాని అర్థం. కానీ నాణేనికి ఇంకో వైపు చూడండి. 2024 డిసెంబర్‌లో హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాట, 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట 11 మంది మరణం. వేలమందిని ఒకచోటికి పిలవడం తేలికే. క్షేమంగా ఇంటికి పంపడమే కష్టం. అది తెలిసినవాళ్లు మన దగ్గర తక్కువ. కొరత ఉన్నచోటే కొలువు ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

లింగాల కిన్నెర సంగతి

ఇప్పుడు మన జిల్లాకు వద్దాం. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట. అక్కడి దర్శనం మొగులయ్య చేతిలో 12 మెట్ల కిన్నెర. సొరకాయ బుర్రలు, వెదురు, తీగలు, మైనంతో చేసుకునే వాయిద్యం. దానిమీద ఆయన పండుగ సాయన్న కథ పాడతాడు. ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టాడని పాలమూరు జనం చెప్పుకునే వీరుడాయన. మియాసాబ్ కథ పాడతాడు. తాతముత్తాతల నుంచి వచ్చిన విద్య.

2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా టైటిల్ పాట మొదట్లో ఆయన గొంతు, కిన్నెర వినిపించాయి. రాష్ట్రమంతా ఎవరీయన అని అడిగింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. అంతా బాగుందనుకున్నాం. 2024 మే నెలలో ఆయన హైదరాబాద్ శివారు తుర్కయాంజాల్‌లో కట్టడం దగ్గర కూలి పనిచేస్తూ కనిపించిన వార్త చదివి అందరం ఉలిక్కిపడ్డాం.

అక్కడ ఒకాయన కూలి పని మానేసి పాటగాడయ్యాడు. ఇక్కడ ఒకాయన పద్మశ్రీ అందుకున్నాక కూలి పనికి పోయాడు. ఇద్దరిలో ఎవరి ప్రతిభ ఎక్కువ అన్నది ప్రశ్న కాదు. తేడా ఎక్కడుందన్నదే విశ్లేషణ.

తేడా ఎక్కడుంది?

మొదటిది, హక్కు. బ్లాక్ సబ్బాత్ పాటలకు రాసినవారి పేర్లు ఉన్నాయి. మొదట్లో మేనేజర్ల చేతుల్లో నష్టపోయామని వాళ్లే చెప్పుకున్నారు. అయినా పేరు కాగితం మీద ఉంది కాబట్టి పోరాడే వీలుంది. పండుగ సాయన్న కథకు రచయిత ఎవరు? అది జనానిది. మన కాపీరైట్ చట్టం రచయిత జీవితకాలం, ఆపై 60 ఏళ్లు హక్కు ఇస్తుంది. రచయితే తెలియని జానపదానికి ఆ లెక్క వర్తించదు. ఎవరైనా పాడుకోవచ్చు, ఎవరైనా అమ్ముకోవచ్చు. దాన్ని తరాల పాటు మోసిన ఇంటికి దక్కేది మాత్రం ఏమీ ఉండకపోవచ్చు.

కానీ పాట ఎవరిదైనా ‘ప్రదర్శన’ మాత్రం ప్రదర్శించినవాడిదే. ఈ ముక్క చాలామందికి తెలియదు. 2012 సవరణతో చట్టంలో చేరిన 38ఎ సెక్షన్ ప్రదర్శకుడి హక్కు గురించి చెబుతుంది. సినిమాలో పాడటానికి రాతపూర్వకంగా ఒప్పుకున్నాక, వేరే ఒప్పందం లేకపోతే, నిర్మాత దాన్ని వాడుకోవడాన్ని అడ్డుకోలేరు. అయితే ఆ ప్రదర్శనను వాణిజ్యపరంగా వాడినప్పుడు రాయల్టీ పొందే హక్కు ప్రదర్శకుడికి ఉంటుంది. ఈ హక్కు 50 ఏళ్లు ఉంటుంది. దీన్ని ఊళ్లో ఉన్న కళాకారుడికి చదివి వినిపించే మనిషి ఎవరు? అదే మన లోటు.

రెండోది, నిలకడైన రాబడి. పురస్కారం ఒకసారి వస్తుంది. కచేరీ, రికార్డు, పాఠం చెప్పే పని నెలనెలా వస్తాయి. ఒకేసారి వచ్చిన డబ్బు పిల్లల పెళ్లిళ్లకు, రోగాలకు, అప్పులకు ఎట్లా కరిగిపోతుందో మన ఇళ్లలో చూస్తూనే ఉన్నాం. కళాకారుడికి సన్మానం మంచిదే. దాంతోపాటు పని కావాలి.

మూడోది, వారసులు. అయోమి వాయించిన తీరును నేర్చుకుని వేల బ్యాండ్లు వచ్చాయి. 2024 జూలై 26న పారిస్ ఒలింపిక్స్ ప్రారంభ వేడుకలో ఫ్రాన్స్ బ్యాండు గొజీరా వాయించింది. ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో మెటల్ బ్యాండు వాయించడం అదే తొలిసారి. ఆ ప్రదర్శనకు 2025లో గ్రామీ కూడా వచ్చింది. కిన్నెర నేర్చుకునే పిల్లవాడికి ఏం కనిపిస్తోంది? తుర్కయాంజాల్ ఫొటో కనిపిస్తోంది. ఆ ఫొటో చూశాక ఏ తండ్రి కొడుకు చేతికి కిన్నెర ఇస్తాడు?

చట్టాల దారి ఇంకా పూర్తిగా పడలేదు. 1999 నాటి భౌగోళిక సూచిక చట్టం కింద బొబ్బిలి వీణకు గుర్తింపు ఉంది. అయితే ఆ చట్టం కాపాడేది వస్తువును. అందులోంచి వచ్చే పాటను కాదు. యునెస్కో 2003 ఒడంబడిక అమూర్త వారసత్వాన్ని గుర్తిస్తుంది. 2023లో గర్బా, 2025 డిసెంబర్‌లో దీపావళి ఆ జాబితాలో చేరాయి. జాబితాలో చేరడం గౌరవమే. అది జీతం మాత్రం కాదు.

మరి మీరేం చేయాలి?

పుస్తకాలు మూసేసి గిటార్ పట్టుకోమని ఈ వ్యాసం చెప్పడం లేదు. అట్లా చెప్పేవాళ్లను నమ్మకండి. ప్రపంచంలో బ్యాండు పెట్టిన లక్షల మందిలో విల్లా పార్క్ దాకా వచ్చేది కొందరే. అట్లాగని డప్పో, కిన్నెరో, గిటారో చేతకావడం పనికిరాని విద్య అని కూడా అనుకోవద్దు. వేదిక మీద నలుగురు కనిపిస్తే, వేదిక వెనక నలభై మంది పనిచేస్తారు. నెల జీతం ఎక్కువగా ఉండేది అక్కడే.

సైన్స్, ఎలక్ట్రానిక్స్ చదివినవారికి ధ్వని ఇంజినీరింగ్ ఉంది. పుణెలోని ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని సత్యజిత్ రే సంస్థ సౌండ్ కోర్సులు నడుపుతున్నాయి. ప్రవేశ పరీక్ష ఉంటుంది. కామర్స్ వారికి కార్యక్రమాల నిర్వహణ, టికెట్లు, బీమా, జీఎస్టీ లెక్కలు ఉన్నాయి. లా చదివేవారికి కాపీరైట్, ఒప్పందాలు. తెలుగు, చరిత్ర చదివినవారికి జానపద కళల రికార్డింగ్, పరిశోధన. హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయంలో సంగీతం, జానపద కళల కోర్సులు ఉన్నాయి. ఆ విశ్వవిద్యాలయానికి ఇప్పుడు మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారన్నది పరీక్షకూ పనికొచ్చే విషయమే.

డబ్బు ఖర్చు లేకుండా ఈ వారమే చేయగలిగిన పని ఒకటి చెబుతాను. మీ ఊళ్లో కిన్నెర, ఒగ్గు, డప్పు, బుర్రకథ.. ఏదో ఒకటి తెలిసిన పెద్దమనిషి ఉండే ఉంటాడు. ఆయన ఒప్పుకుంటేనే ఫోన్‌లో రికార్డు చేయండి. పేరు, ఊరు, తేదీ, ఎవరి దగ్గర నేర్చుకున్నాడో రాసిపెట్టండి. ఆయన అనుమతి లేకుండా యూట్యూబ్‌లో పెట్టకండి. పెడితే వచ్చే డబ్బులో వాటా ముందే మాట్లాడి కాగితం మీద రాసుకోండి. కళాకారుడికి తన హక్కు తెలిసేలా చెప్పడం, ఎదుటివాడి పనికి లెక్క రాయడం.. రేపు మీరు ఏ ఆఫీసులో కూర్చున్నా చేయాల్సింది ఇదే.

ఇక నాయిన అడిగిన ప్రశ్న. పాట కూడు పెడుతుందా? ఒట్టి పాట పెట్టదు. పాట మీద పేరు, పేరు మీద హక్కు, హక్కు మీద కాగితం, కాగితం చదవగల మనిషి ఉంటే పెడుతుంది. చదువుకున్న మీరు ఆ మనిషి కాగలరు. మెటల్ వింటూ చదువుకున్నా సరే, కిన్నెర వింటూ చదువుకున్నా సరే.

పరీక్షల కోణంలో..

• బ్లాక్ సబ్బాత్ తొలి ఆల్బమ్: 1970 ఫిబ్రవరి 13. నగరం బర్మింగ్‌హామ్.

• ఓజీ ఓస్బర్న్ ఆఖరి కచేరీ 2025 జూలై 5, విల్లా పార్క్. మరణం జూలై 22.

• పాటలపై అమెరికా సెనేట్ విచారణ: 1985 సెప్టెంబర్ 19. మన రాజ్యాంగంలో పోల్చి చదవాల్సింది ఆర్టికల్ 19(1)(ఎ), 19(2).

• గ్రామీల్లో మెటల్‌కు తొలి అవార్డు 1989లో. అందరూ మెటాలికాకు అనుకుంటే జెత్రో టల్‌కు వచ్చింది. మరుసటి ఏడాది హార్డ్ రాక్, మెటల్ విభాగాలను వేరు చేశారు. అప్పుడు మెటాలికా గెలిచింది.

• ప్రదర్శకుల హక్కు: కాపీరైట్ చట్టం సెక్షన్ 38, 38ఎ. సవరణ 2012.

• దర్శనం మొగులయ్య: 12 మెట్ల కిన్నెర, నాగర్‌కర్నూల్ జిల్లా, పద్మశ్రీ 2022.

• వ్యాస ప్రశ్నగా ఆలోచించండి: ‘జానపద కళాకారులకు పురస్కారాలు సరిపోతాయా? జీవనోపాధికి ఎలాంటి చట్టపరమైన, సంస్థాగతమైన ఏర్పాట్లు కావాలి?’ 250 పదాల్లో రాసి చూసుకోండి.